ఎరుపు తగ్గిన సీసా

మెషీను గదిలో టెక్నీషియను తెర చూసి తల అడ్డంగా ఊపింది. "మూత్రాశయం నిండలేదమ్మా. అది నిండితేనే పేగు పక్కకు జరుగుతుంది. లేకపోతే కిరణాలు దానికీ తగులుతాయి. నీళ్లు తాగి రండి. రోజూ ఇలాగే అయితే డాక్టరుగారు చికిత్స ఆపేస్తారు."

కండక్టరమ్మ బల్ల దిగింది. సర్వీసంతా బస్సులోనే గడిచింది. జనాన్ని దింపడమే గానీ మధ్యలో తను దిగే వీలుండేది కాదు. అందుకని డ్యూటీ ఎక్కితే గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. ఆ అలవాటుకు ఇప్పుడు భయం తోడైంది. గర్భాశయ ముఖద్వారం క్యాన్సరుకు రేడియేషను మొదలయ్యాక మూత్రానికి వెళ్తే నిప్పుల మీద కూర్చున్నట్టుంది. తాగకపోతే వెళ్లే పనే ఉండదని ఆమె లెక్క.

బయట బెంచీ మీద ఆడపడుచు సంచిలోంచి ఎర్రటి సీసా తీసింది.

"క్రాన్‌బెర్రీ జ్యూసు వదినా. మంటకు మంచిదట."

"ఎవరన్నారు?"

"మా ఆఫీసులో అందరూ."

"మీ ఆఫీసంతా డాక్టర్లే కాబోలు!"

డాక్టరునే అడిగారు. పరీక్షలో ఇన్ఫెక్షను లేదని తేలిందనీ, మంట కిరణాల వల్లేననీ, ఆ రసంతో తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదనీ ఆయన చెప్పాడు. దానితో పడని, రక్తం పల్చబడే మాత్రలు వేసుకోవడం లేదు గనుక తాగితే తాగమన్నాడు. "కానీ కావలసింది నీళ్లమ్మా. మూత్రం చిక్కబడితే మంట ఇంకా పెరుగుతుంది."

నీళ్లనగానే మొహం తిప్పుకున్న మనిషి జ్యూసు మాత్రం తాగింది. పుల్లగా, వగరుగా ఉంది. "మీ అన్నయ్య పెట్టే కాఫీ కంటే నయం" అంది.

ఆడపడుచు మర్నాడూ తెచ్చింది, ఆ మర్నాడూ తెచ్చింది. సీసా పెద్దదవుతోంది, ఎరుపు తగ్గుతోంది. టిక్కెట్టు తీసుకోనివాణ్ణి వెనకనుంచి మెడ చూసి పట్టేసిన మనిషికి ఆ సంగతి మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. అయినా సీసా ఖాళీ చేసేది. మంట కొంచెం తగ్గింది మరి. ఆమె తాగుతున్నంతసేపూ ఆడపడుచు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

ఆ వారం చివర టెక్నీషియను తెర చూసి, "బాగా నిండింది. కదలకండి" అంది.

పని కాగానే కండక్టరమ్మ బాత్రూముకు పరుగెత్తింది. మంట ఉంది, పళ్లు బిగపట్టేంత కాదు. తిరిగొచ్చి సీసా వెలుతురులోకి ఎత్తి చూసింది.

"ఇందులో జ్యూసు ఎంతుందే, దొంగమొహమా?"

ఆడపడుచు నాలుక కరుచుకుంది. "ఒక్క చెంచా... రంగు కోసం. నీళ్లంటే తాగవుగా వదినా!"

"రేపు ఆ చెంచా కూడా వద్దు. పులుపుకి పళ్లు జివ్వుమంటున్నాయి. ఉత్త నీళ్లే తీసుకురా. ఈ సీసా చాలదు, ఇంకా పెద్దది చూడు."