ఎడమ వెనక కాలు

ఆడపులి ఎడమ వెనక కాలికి అచ్చును నేను. వాగు ఒడ్డున పులి నడిచిపోయిన తెల్లారి, తోకల ఈదమ్మ ప్లాస్టరు కలిపి ఆ అడుగులో పోసి నన్ను తీసింది. ఈదమ్మది అడవిలోని చెంచుపెంట, చెంచుల గూడెం. అటవీశాఖలో రోజుకూలీకి పులి జాడలు తీసేది. నన్ను కడిగి, వేలితో తడిమి, "ఇది కడుపుతోని ఉన్నది. బరువుగ నడుస్తున్నది" అంది.

నెల తిరక్కముందే ఆ పులి వేటగాళ్ల ఉచ్చులో పడి చచ్చింది. ఈదమ్మే చూసి, పరుగున వచ్చి రేంజర్ మనోహర్‌కు చెప్పింది. పులి బతికుంటే పైనుంచి మెచ్చుకోలు, చస్తే సంజాయిషీ. ఆయన గప్‌చుప్‌గా గుంట తవ్వించి దాన్ని పూడ్పించాడు.

"నోరు విప్పావో, ఉచ్చు పెట్టింది నీ మొగుడేనని రాసి జైల్లో వేయిస్తా" అని ఈదమ్మను పనిలోంచి తీసేశాడు.

నన్ను మాత్రం తీసెయ్యలేదు. జీపు సీటు కింద దాచాడు. పులుల్ని లెక్కపెట్టే రోజులొస్తే, అడవిలో వేరే పులి జాడ ఒక్కటీ దొరక్క, తానే వాగులన్నీ తిరిగి, అటూ ఇటూ చూసి, నన్ను బురదలో అదిమేవాడు. చచ్చినదాని కాలితో వాగుకొకటి చొప్పున నాలుగు పులుల్ని పుట్టించాడు మహానుభావుడు! అదిమిన ప్రతిసారీ నాలో పగ రగిలేది. ఏం లాభం? పులి గోళ్లు ముడుచుకుని నడుస్తుంది. అచ్చుకు గోళ్లెక్కడివి?

రెండేళ్లకు పెద్దాఫీసరమ్మ జాడలు చూడటానికి స్వయంగా వచ్చింది. మూడు వాగుల దగ్గర తెగ మెచ్చుకుంది. నాలుగో వాగు దగ్గర ఈదమ్మ అడ్డం వచ్చింది. ఆ ఏడే ఆమె పెనిమిటి జ్వరంతో పోయాడు. ఇక మనోహర్ ఎవర్ని జైల్లో వేయిస్తాడు?

"అమ్మా, నాలుగు వాగులు సూసినవు గద. యాడ సూసినా ఎడమ ఎనక కాలే. తక్కిన మూడు కాళ్లు ఈ పులి యాడ పెట్టింది?"

ఆఫీసరమ్మ వంగి మళ్లీ చూసింది. మనోహర్ జీపు వెతికించింది. నన్ను తెచ్చి ఆ అడుగులో పెడితే ఒరలో కత్తిలా దిగాను. అంత ఆనందంగా ఎన్నడూ బురద తొక్కలేదు.

ఈదమ్మ చూపిన చోట తవ్వితే పులి ఎముకలు బయటపడ్డాయి. వాటి మధ్య నిమ్మకాయలంత పుర్రెలు రెండు. ఆమె వాటి మట్టిని కొంగుతో తుడిచింది. ఏడవలేదు.

ఇప్పుడు నేను కోర్టు బీరువాలో, లక్కముద్రల సంచిలో ఉన్నాను. కేసు వాయిదాలు పడుతోంది. పడనీ. నా పగ ఎముకలు బయటపడ్డ సాయంత్రమే సగం తీరింది. మనోహర్ జీపు తాళాలు లాక్కుని, "మీరు నడిచి రండి" అంది ఆఫీసరమ్మ. పన్నెండు కిలోమీటర్ల అడవి దారి. పొద్దు వాలుతోంది. ఆయన ఈదమ్మ వెంటపడ్డాడు.

"ఒక్కణ్నే పోలేను ఈదమ్మా. రోడ్డు దాకా తోడు రా."

ఆమె ఆగి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది.

"భయమెందుకు సారూ? ఈ అడవిల పులి లేదని నీకన్న ఎక్కువ ఎవలికెరుక?"