ఒడి వైపు పళ్ళు

కుక్కల షెల్టర్ వ్యాన్ బయల్దేరిందని ఫోన్ వచ్చేసరికి దర్జీ ఆవిడ కుట్టుమిషన్ మీద నుంచి కాలు తీసేసింది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది.

"అరగంటలో వస్తారట," అన్నాడు భర్త, ఆమె మొహం చూడకుండా.

పొద్దున అతని అక్క కూతురు నేల మీద కూర్చుని వీళ్ళ కుక్క గుండీ బుగ్గ నిమిరింది. ఏనాడూ ఎవరినీ కసరనిది గిర్రున తిరిగి పిల్ల చెయ్యి కరిచింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేశారు. పిల్లను తమ ఇంట్లో తండ్రి దగ్గర పడుకోబెట్టి తల్లి వెనక్కి వచ్చింది. సోఫాలో కొంగు బిగించి కూర్చుంది.

"ఒరేయ్, ఈ ఇంట్లో అదో నేనో ఇవాళే తేలిపోవాలి."

"దానికెక్కడో నొప్పిగా ఉంది వదినా. నిన్నటి నుంచీ గిన్నె ముట్టలేదు."

"అందుకేనా ఆకలేసి నా కూతుర్ని తినబోయింది?"

కరిచిన కుక్కను ఇంకెవరూ పెంచుకోరు. ఆ వ్యాన్ ఎక్కితే గుండీ పని సరి. దర్జీ ఆవిడ టార్చి తీసుకుని మిషన్ కింద ముడుచుకున్న కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెయ్యి పెట్టకు," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

ఆమె దాని ఎడమ పెదవి ఎత్తింది. పళ్ళు తెల్లగా మెరిశాయి. మరి రోజూ బ్రష్‌తో తోమేది ఆమే.

"చూశావా? రోగం పళ్ళలో లేదు, బుద్ధిలో ఉంది," అంది ఆడపడుచు.

దర్జీ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగింది. పిల్ల నిమిరింది కుడి బుగ్గ. అటు జరిగి వేలు ఆనించగానే గుండీ గొంతులో గుర్రు మొదలైంది. భర్త ఒక అడుగు ముందుకేశాడు.

"కదలకండి."

బొటనవేలితో పెదవిని కొంచెం కొంచెంగా పైకి జరిపింది. గుర్రు పెరిగింది. కుక్క కోరలు ఆమె మణికట్టుకు తగులుతున్నాయి. కుళ్ళు వాసన గుప్పుమంది. టార్చి వెలుగులో వెనక పళ్ళ మీద గోధుమరంగు పెచ్చు కనిపించింది. చిగురు వాచి ఎర్రగా ఉంది, దాని అంచున చీము.

ఆమె గుండీ పళ్ళు తోమేది మిషన్ దగ్గర కూర్చునే. అది కుడి బుగ్గ ఆమె ఒడిలో ఆనించి పడుకుంటుంది, పైకి కనిపించే ఎడమవైపు తోమేసి ఆమె మళ్ళీ కుట్టులో పడుతుంది. నాలుగేళ్ళుగా రెండో వైపు తిప్పి చూసిన పాపాన పోలేదు.

బయట హారన్ మోగింది.

"కుడివైపు పన్ను కుళ్ళిపోయింది. తప్పు దానిది కాదండీ, నాది. ముందు డాక్టర్‌కి చూపిద్దాం."

"పంటి నొప్పైతే పసిపిల్లని కరిచేస్తుందా?" అంది ఆడపడుచు.

"మీ తమ్ముడికి జ్ఞానదంతం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదినీ కరిచాడు వదినా. ఆయన్ని ఏ వ్యానూ ఎక్కించలేదే."

భర్త చెప్పులేసుకుని బయటికెళ్ళి డ్రైవర్‌తో చెప్పాడు. "షెల్టర్‌కి కాదు బాబూ. పశువుల ఆసుపత్రికి పోనీ."

డాక్టరు నోరు తెరిపించి చూసి పెదవి విరిచాడు.

"పై దవడలో పెద్ద పన్నమ్మా. వేరు దాకా చీము పట్టింది. ఇంత నొప్పిలో ముట్టుకుంటే ఏ కుక్కైనా కరుస్తుంది. మత్తిచ్చి పీకేస్తాను. చీము ఎముకలోకి దిగిందేమో లోపల చూస్తేగానీ చెప్పలేను."

తలుపు మూసుకుంది. భార్యాభర్తలు బెంచీకి చెరో చివర కూర్చున్నారు. లోపల పనిముట్లు చప్పుడైనప్పుడల్లా ఆమె చీర అంచు నలిపేస్తూనే ఉంది. చివరికి డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎముక బాగానే ఉంది. ఇకమీదట రెండువైపులా తోమండి."

గుండీ నోట్లో పుండు మానాక ఒక సాయంత్రం ఆడపడుచు ఒంటరిగా వచ్చింది. చెప్పులు విప్పి, ఎవర్నీ పలకరించకుండా గుండీ పక్కన కూర్చుంది. చెయ్యి చాచి కుక్క కుడి బుగ్గ మీద పెట్టింది, తర్వాత గట్టిగానే నొక్కింది.

గుండీ కళ్ళు మూసుకుని ఆ చేతి మీదే తల వాల్చేసింది.

"రేపు పిల్లని తెస్తా," అంది ఆడపడుచు, చెయ్యి తియ్యకుండానే. "కానీ మధ్యలో నేనే కూర్చుంటా."