‘తగ్గింది’ అన్న మాట

పిల్లల ఆసుపత్రి రెండో అంతస్తులో, ఇంకా రంగు వాసన వదలని కొత్త అత్యవసర వార్డులో, పంపక్క ఊపిరి అందక కొట్టుకుంటోంది. కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, భుజాలు చెవుల దాకా ఎగరేస్తూ, గొంతులోంచి సన్నగా పిల్లికూతలు తీస్తోంది. చుట్టూ మూగిన నర్సులూ డ్యూటీ డాక్టరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. కాసేపటికి కూతలు పలచబడ్డాయి. ఆ తరువాత పూర్తిగా ఆగిపోయాయి. భుజాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

“ఇప్పుడు చెప్పండి. పాపకి ఎలా ఉంది?” అంది, నటన ఆపి.

“తగ్గింది మేడమ్,” అన్నాడు డ్యూటీ డాక్టరు, అందరికంటే ముందుగా.

“తగ్గిందండీ,” అని నర్సులు వంత పాడారు.

పంపక్క కుర్చీలోంచి లేచింది. “పాప చచ్చిపోయింది,” అంది.

ఎవరో కిసుక్కున నవ్వబోయి, ఆమె ముఖం చూసి నవ్వు మింగేశారు.

ఆమె అసలు పేరు ఆ ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగమంతా ఉబ్బసం పిల్లల వార్డులోనే గడిపి, ఆ పిల్లలకు మందు పీల్చే పంపు పట్టుకోవడం నేర్పీ నేర్పీ పంపక్క అయింది. పదవీ విరమణ చేసినా, కొత్త వార్డు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని మళ్లీ పిలిపించారు. ఈ పిల్లలను వాళ్ల చేతుల్లో ధైర్యంగా వదలవచ్చని ఆమె సంతకం చేస్తేనే వార్డు తలుపులు తెరుచుకుంటాయి. తెరవవలసింది రేపు.

“పిల్లనగ్రోవి ఎందుకు మోగుతుంది? ఊదితే మోగుతుంది. ఊదడం మానేస్తే మోగదు. ఊపిరి గొట్టాలు సన్నబడితే కూత. మొత్తం పూడుకుపోతే కూయడానికి కూడా గాలి ఉండదు. తగ్గింది రోగం కాదు నాయనా, గాలి!”

“తెలుసు మేడమ్,” అన్నాడు డాక్టరు, కాస్త చిన్నబుచ్చుకుని. “పుస్తకంలో చదివాను. పరీక్షలో కూడా వచ్చింది.”

“మరి తగ్గిందని ఎందుకన్నావు?”

“అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.”

“అదే నా ఏడుపు. బుర్రలో ఉన్నది నోటిదాకా రావడం లేదు. నోట్లో ఉన్నదేమో బుర్రని తినేస్తోంది.”

రోగాలకంటే ఆ మాటంటేనే ఆమెకు ఎక్కువ మంట. మన భాషలో జ్వరమూ తగ్గుతుంది, జీతమూ తగ్గుతుంది, పంతం పట్టిన మనిషీ తగ్గుతాడు. ఏది తగ్గిందో చెప్పనక్కర లేకుండానే చెప్పినవాడికీ విన్నవాడికీ ఊరట దొరుకుతుంది. తన వార్డులో ఆ ఊరటను నమ్ముకుని ఇంటికి వెళ్లి, పిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ఆమె ఎరుగును.

మందులేని ఉత్తి పంపులు పంచి, ఒక్కొక్కరినీ బొమ్మకు పట్టించి చూపమంది. ఒకామె పంపును కుదపకుండానే నొక్కింది. మరొకామె పంపు గొట్టానికి తగిలించిన మాస్కును బొమ్మ ముఖానికి ఎంత వదులుగా పెట్టిందంటే, సందులోంచి పంపక్క వేలు దూరింది.

“మందు లోపలికి పంపిస్తున్నావా, బుగ్గలకి అద్దుతున్నావా? పౌడరనుకున్నావా తల్లీ ఇది?”

అప్పుడే చంకలో కాగితాల కట్టతో ఆసుపత్రి నిర్వాహకుడు లోపలికి వచ్చాడు. ఆరడుగుల మనిషైనా అతను ఆమె దగ్గరకు వచ్చేసరికి ఒంగిపోతాడు. ఎందుకంటే అతను ఆమె అల్లుడు.

“మేడమ్, యోగ్యతా పత్రాలు అచ్చయి వచ్చాయి. మీ సంతకాలే తరువాయి,” అన్నాడు అందరూ వినేలా. ఆమెను నడవాలోకి తీసుకువెళ్లాక గొంతు దించాడు. “అత్తయ్యగారూ, రేపు పొద్దున్నే తనిఖీవాళ్లు వస్తున్నారు.”

“రానివ్వండి అల్లుడుగారూ. వాళ్లకీ తలో పంపు ఇద్దాం. ఎంతమంది సరిగ్గా నొక్కుతారో చూద్దాం.”

“వేళాకోళం కాదండీ. వార్డు తెరవకపోతే ఈ పిల్లలంతా ఎక్కడికి పోతారు? ఊరు అవతలి పెద్దాసుపత్రికి పోవాలి. దారిలోనే ఏదైనా జరిగితే? నొప్పించాలని కాదు గానీ, ఆ పాపం మీ సంతకానిది కాదా?”

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆమెకు మరింత కోపం వచ్చింది.

“దారిలో ప్రాణం పోతే దూరం వల్ల అంటారు. ఇక్కడ, మీ మంచం మీద, డాక్టరు ముందు పోతే ఏమంటారు? తగ్గిందనుకున్నాం అంటారు. ఒక్కరూ పాస్ కాలేదండీ. ఒక్కరూ!”

“మీరు మరీ భయపెడతారు,” అని నచ్చజెప్పబోయాడు. “ఇంతదాకా ఎందుకు, మన కందిరీగకే పొద్దున బడిలో కూతలు వచ్చాయి. ఫోన్ చేస్తే వెళ్లి తీసుకొచ్చాను. నా గదిలో కూర్చోబెట్టాను. హడావుడి ఏమీ చెయ్యలేదు, దానంతట అదే తగ్గింది.”

కందిరీగ ఆమె మనవరాలు. నిద్రలో తప్ప నోరు మూయదు. మాటలు అయిపోతే పాటలు, పాటలు అయిపోతే ఉత్త రాగాలు.

“ఏం చేస్తోంది?”

“బుద్ధిగా కూర్చుంది. కిక్కురుమనడం లేదు.”

“ఏమన్నావు?”

పెళ్లయిన నాటినుంచి అతను ఆమె నోట ‘మీరు’ తప్ప వినలేదు. ఆ ‘నువ్వు’కు బిత్తరపోయి తలెత్తేసరికి ఆమె అప్పటికే నడవా చివరన ఉంది.

గదిలో కందిరీగ సోఫా అంచున ముందుకు వంగి కూర్చుంది. చేతులు మోకాళ్ల మీద, భుజాలు చెవుల దాకా. ఇందాక పంపక్క కూర్చున్నది సరిగ్గా అలాగే. మెడ కింది గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పీక్కుపోతోంది. పెదవుల రంగు మారింది. అమ్మమ్మను చూసి ఏదో అనబోయింది గానీ, ఒక్క అక్షరమైనా బయటికి రాలేదు.

వెనకే వచ్చిన తండ్రి బడి సంచిలోంచి, ఊపిరాడనప్పుడు వాడే నీలం పంపు లాగి, కూతురి నోట్లో కుక్కి గబగబా నొక్కాడు. మందంతా పొగలా పెదవుల పక్కనుంచి బయటికే వచ్చింది.

“తప్పుకో!” అని అతని చెయ్యి తోసేసి, పిల్లను నిటారుగా ఎత్తుకుని వార్డుకు పరుగుతీసింది.

తాను చచ్చినట్టు నటించిన కుర్చీలోనే పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎత్తుకున్న చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులతో పంపు పట్టుకోకూడదని ఆమెకు తెలుసు. “ఏం చూస్తారు? రండి!” అని అరిచింది.

డ్యూటీ డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల వీపు మీద స్టెతస్కోప్ ఆనించాడు. ఒకచోట విన్నాడు, మరోచోట విన్నాడు.

“త—” అని ఆగాడు.

చెవుల్లోంచి స్టెతస్కోప్ లాగేశాడు. “గాలి వెళ్లడం లేదు. ఆక్సిజన్! ఆవిరి మందు ఆక్సిజన్‌తోనే పట్టండి. పెద్ద డాక్టరుగారిని పిలవండి, వెంటనే!”

నర్సులు కదిలారు. తడబడుతూనే, ఒకరికొకరు అడ్డుపడుతూనే కదిలారు. మాస్కు పెట్టిన నర్సు వేళ్ల కింద సందు కనిపించగానే పంపక్క ఆ చేతి మీద ఒక్కటి వేసింది. నర్సు ఉలిక్కిపడి మాస్కును గట్టిగా అదిమింది. తెల్లటి ఆవిరి పిల్ల ముఖాన్ని కమ్మేసింది. నడివయసు నర్సు ఒకామె పిల్ల చేతికి సూది పెట్టి మందు ఎక్కించసాగింది. తండ్రి గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు.

చాలాసేపు పిల్ల ఊపిరిలో ఏ శబ్దమూ లేదు. ఆ తరువాత, మాస్కు కింద ఎక్కడో లోతున, సన్నగా ఒక కూత.

“అయ్యో, మళ్లీ పెరిగింది!” అని తండ్రి కేక పెట్టాడు.

“లేదు సార్. రానివ్వండి,” అన్నాడు డాక్టరు. “కూస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట.” మాస్కు పట్టుకున్న నర్సు మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

పెద్ద డాక్టరు వచ్చి చూసి, ప్రమాదం గడిచింది గానీ రేపటిదాకా పిల్ల ఇక్కడే ఉండాలని చెప్పి, మందులు రాసి వెళ్లాడు. కందిరీగ పెదవులకు రంగు తిరిగి వచ్చింది. రంగుతోపాటే నోరూ వచ్చింది.

“అమ్మమ్మా... నారింజ పంపు... రోజూ పెట్టుకునేది... నాన్న మానెయ్యమన్నారు. నీకు చెప్పొద్దన్నారు.”

పంపక్క తల తిప్పి అల్లుడిని చూసింది.

“చాలా రోజులుగా ఏమీ రాలేదు కదండీ. తగ్గిందనుకున్నాం. రోజూ వాడితే అలవాటైపోతుందని...”

“ఎవరన్నారు?”

“అందరూ అంటారు.”

“ఏరీ ఆ అందరూ? ఇందాక పిల్ల నల్లబడిపోతుంటే ఒక్కరూ రాలేదేం? ఆ కళ్లజోడు రోజూ పెట్టుకుంటావుగా, అలవాటైపోతుందని తీసేసి రోడ్డు దాటు చూద్దాం! పంపు వాడితే తగ్గింది. తగ్గిందని పంపు మానిపించావు. ఇంత పెద్ద ఆసుపత్రి నడిపే బుర్రకి ఆ ముక్క తట్టలేదా? మా అమ్మాయికి తెలుసా?”

“తెలుసండీ,” అన్నాడు నేల చూస్తూ.

“దాని సంగతి ఇంటికెళ్లి చూస్తా.”

అతను ఇందాక పరుగులో చంకలోంచి జారి తలుపు దగ్గర పడిన కాగితాల కట్ట ఏరుకుని, బెరుకుగా ముందుకు చాపాడు.

“తప్పు నాదే. ఒప్పుకుంటాను. కానీ చూశారుగా, పిల్లని వీళ్లే కాపాడారు. ఇక సంతకానికి అభ్యంతరం...”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్లో పిల్ల ఉండబట్టి లేవలేదు, అంతే.

“ఒక్కసారి జరిగినదాన్ని రుజువంటావా? నేను పక్కనున్నాను, పాఠం ఇంకా చెవుల్లో ఉంది, పిల్ల నీ కూతురు. ఇన్ని కలిసొస్తే ఒక్కడికి ఒక్కసారి గుర్తొచ్చింది. రేపు వచ్చేది ఎవరి పిల్లో. నేనుండను. ఏం బాబూ, నేను లేకపోతే ‘త’ దగ్గర ఆగేవాడివా?”

“తెలియదు మేడమ్,” అన్నాడు డాక్టరు.

“పొద్దుట్నుంచీ ఈ గదిలో విన్న మొదటి నిజం ఇది,” అంది పంపక్క. అల్లుడి వైపు తిరిగింది. “తలుపులు తెరవద్దనడం లేదు. నా ముందు తప్పులేకుండా చేసి చూపించినవాళ్లకే సంతకం, వాళ్లకే మంచం. ఒక్కరే పాసైతే ఒక్క మంచమే. మిగతావి ఖాళీగా ఉంటాయి.”

“ఖాళీ మంచాలు చూసి తనిఖీవాళ్లు ఏమంటారు?”

“ఏమైనా అననీ. ఖాళీ మంచం ఎవరినీ చంపదు.”

అతను కట్టను కిటికీ గట్టు మీద పెట్టి, ఫోన్ తీసి, రేపు అన్ని మంచాలూ తెరవడం లేదని ఎవరికో చెప్పాడు. అవతలివాళ్లు అరుస్తున్నట్టున్నారు. విన్నాడు. మళ్లీ అదే చెప్పి పెట్టేశాడు.

నర్సులు బొమ్మ చుట్టూ చేరారు. పంపక్క ఉత్తి పంపును అల్లుడికి అందించింది.

“ముందు నువ్వు.”

“నేనా? నేను నిర్వాహకుణ్ణి మేడమ్, నాకెందుకు—”

“తండ్రివి. మేడమూ లేదు, అత్తయ్యా లేదు. పట్టు.”

అందరి ముందూ అతను పంపును గొట్టానికి తగిలించి, మాస్కును బొమ్మ ముఖానికి ఆనించి, నొక్కబోయాడు.

“కుదపలేదు నాన్నా,” అంది కందిరీగ, మాస్కు లోపలినుంచి, కూతల మధ్యనే.

అతను తీసి కుదిపాడు. నొక్కాడు. వేళ్ల కింద సందు ఉండిపోయింది.

పంపక్క ముఖంలో ఇసుమంతైనా మార్పు లేదు.

“మళ్లీ,” అంది.