ఫోన్ల అమ్మ

ఒక్క మాట వద్దన్నరు యేసమ్మకు. అన్నం తినిపియ్యి, ఎత్తుకో, పక్కల పండవెట్టుకో, ఏమన్న జెయ్యి గని ‘అమ్మ’ అని మాత్రం పిలిపిచ్చుకోకు అన్నరు. చెప్పేటోళ్లకేంది, కుర్సీల కూసొని చెప్తరు.

చెప్పింది ధనలక్ష్మి మేడం. నిజామాబాద్ల దిక్కులేని పిల్లల సంగతి చూసే ఆఫీసుల పనిజేస్తది. రాజమండ్రి దిక్కామె. మనిషి మంచిదే, అబద్ధమెందుకు చెప్పాలె. పద్నాలుగు నెలల పిల్లను తెచ్చి బోధన్ పక్క ఎడపల్లిల యేసమ్మ ఒళ్లె పెట్టిననాడే కుల్లకుల్ల చెప్పింది.

“యేసమ్మగారూ, పాపకి ఎక్కడో ఒకచోట అమ్మానాన్నలు దొరుకుతారు. అప్పటిదాకా మీ ఇంట్లో పెరుగుతుంది, అంతే. ‘అమ్మ’ అనే మాట ఆ వచ్చే ఆవిడ కోసం అట్టేపెట్టండి. లేకపోతే రేపు ఏడ్చేది పాపే.”

“గట్లనే మేడం,” అన్నది యేసమ్మ.

పిల్ల పేరు కాగితాలల్ల సింధూజ, ఇంట్ల సిందు. ఎడమ పాదం లోపలికి మలిగి పుట్టింది. గందుకేనేమో, కన్నోళ్లు బస్టాండ్ల ఇడిసిపెట్టి పోయిండ్రు. గా పాదం చూసి, సాదుకుంటమని ఈ దేశంల ఒక్కలు గుడ ముందుకు రాలె. యేసమ్మ మాత్రం గా పాదం పట్టుకొని వారం వారం నిజామాబాద్ దవాఖానకు బస్సెక్కింది. పట్టీలు కట్టిచ్చింది, ఇప్పిచ్చింది, మల్ల కట్టిచ్చింది. దినాం పొద్దుగాల నూనె రాసి, మడిమ కాడ బొటనవేలు ఆనిచ్చి, వేళ్ల దాంక గుంజి, పది లెక్కవెట్టి ఇడిసేది. రెండేండ్లు దాటినంక సిందు గోడ పట్టుకొని అడుగేసింది. గా దినం లాజరు, అంటె యేసమ్మ పెనిమిటి, వాడకట్టంత బెల్లం పంచిండు.

“గంత పావురమున్నప్పుడు మీరే సాదుకోరాదుండ్రి,” అని వాడకట్టోళ్లు అననే అన్నరు. సాదుకొనుడంటె అంగట్ల మేకపిల్లను తెచ్చుకొనుడా? ఆఫీసుల అడిగిండ్రు గుడ. వాళ్లు మొగుడు పెండ్లాల వయసులు కూడి చూసిండ్రు. లాజరుకు యాభై ఆరు, యేసమ్మకు నలభై తొమ్మిది, కూడితె నూటైదు. గంత పెద్దోళ్లకు గంత చిన్న పిల్లనియ్యరట. లాజరు చెరుకు నరికి నరికి కాయలు గాసిన చేతులు చూపెట్టి, “ఇంక ఇరవై ఏండ్లు సాదుత సార్,” అన్నడు. చేతులనెవడు చూస్తడు, కాగితాలనే చూస్తరు గని.

ఇగ అసలు సంగతికొస్త.

యేసమ్మ బిడ్డ ఎస్తర్‌ను ఇందల్వాయిల ఇచ్చిండ్రు. ఆమె అచ్చినప్పుడల్లా కడప కాడికెల్లే “అవ్వా!” అని కేకేస్తది. మా దిక్కు అవ్వ అంటె ముసలిది గాదు, కన్నతల్లి. తండ్రిని బాపు అంటం, తల్లిని అవ్వ అంటం. ఎస్తర్ నోరు చూసి చూసి ఒకనాడు సిందు గుడ యేసమ్మను “అవ్వా” అన్నది. పొయ్యికాడ చాయ్ పోస్తున్న యేసమ్మ చేతులకెల్లి గిలాస జారి కిందవడ్డది.

“ఓ బిడ్డా,” అన్నది. పిలుస్తె పలుకద్దా మరి?

గప్పటిసంది దినానికి నూరుమాట్లు పిలుస్తది పిల్ల. పెరట్లున్నా, బోరింగు కాడున్నా, “అవ్వా” అంటె చాలు, “ఓ” అని పలుకుతది యేసమ్మ.

నెల దాటంగనే ధనలక్ష్మి మేడం చూడచ్చింది. ఆమె ముందట్నే సిందు “అవ్వా, నీళ్లు,” అన్నది. ఇగ అయిపాయె అనుకున్నది యేసమ్మ. మేడం మాత్రం నవ్వింది.

“అవ్వ అంటోందా? చాలా బాగుంది. అమ్మమ్మలా అన్నమాట,” అనుకుంట కాగితంల రాసుకున్నది.

గామె దిక్కు అవ్వ అంటె ముసలమ్మ. గోదావరి ఒక్కటే, కందకుర్తి కాడ మేం చూసే నీళ్లే గామె రాజమండ్రికి పోతయి. నీళ్లు పోయినయి గని మా మాట గంత దూరం పోలేదు. యేసమ్మ లాజరు మొఖం చూసింది. లాజరు పైకప్పు చూసిండు.

మేడం పోయినంక లాజరు, “గిది అబద్ధమైతదే,” అన్నడు.

“నేనేమన్నన? గామెనే అన్నది, గామెనే రాసుకున్నది.”

“దేవునికి తెల్వదా?”

“దేవునికి మన బోధన్ భాష అస్తది. నువ్వు ఊకో.”

అనుడైతె అన్నది గని, ఆదివారం గుడిల కండ్లు మూసుకుంటె చాలు, గా గిలాస పడ్డ చప్పుడే ఇనవడేది. దొంగసొమ్ము కొంగున కట్టుకొని తిరిగినట్టుండేది ఆమెకు. గట్లని మాట మార్పియ్యబుద్ధి గాలె. ఎట్లయితది? ఎవలికయితది?

సిందుకు మూడేండ్లు నిండినంక ఇటలీల సాదుకునేటోళ్లు దొరికిండ్రు. మేడం ఫొటోల పుస్తకం తెచ్చింది. ఆమె పేరు మార్త, ఆయన పేరు లూకా. “ఇద్దరు బైబిల్లున్నోళ్లే!” అని లాజరు సంబురపడ్డడు. యేసమ్మ ఫొటోలల్ల ఏమన్న తప్పు దొరుకుతదేమోనని ఎతికింది. ఇల్లు సక్కగున్నది. పిల్లి సక్కగున్నది. గామె నవ్వు గుడ సక్కగనే ఉండె, పాడువడ.

గా పొద్దుసంది ఆదివారం ఆదివారం ఫోన్ల బొమ్మ కనవడేది. గుడి కాడికెల్లి అచ్చినంక ఫోన్ మోగుతది, తెర మీద మార్త అస్తది. “నేను... అమ్మ,” అంటది, నేర్చుకున్న మాట ఒక్కొక్కటే తూచి తూచి. యేసమ్మ నియ్యత్‌గ చెప్పేది పిల్లకు, ఒళ్లె గా పాదం పెట్టుకొని రుద్దుకుంటనే.

“సిందూ, గామె ఎవలు?”

“అమ్మ.”

“నేనెవలు?”

“అవ్వ.”

ఫోన్ పెట్టేసినంక సిందు తెరను వెనుకకు తిప్పి చూసేది, అమ్మ యాడ కూసున్నదో అని. ఒకనాడు పక్కింటి శంకరమ్మ ఫోన్ పట్టుకొని అచ్చింది. సిందు గామె కొంగు గుంజి, “నీ ఫోన్ల అమ్మ లేదా?” అన్నది. “నాకు లేదు బిడ్డా, సచ్చిపోయింది,” అన్నది శంకరమ్మ. “చార్జింగ్ పెట్టు, అస్తది,” అన్నది సిందు. శంకరమ్మ నవ్వి నవ్వి కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. యేసమ్మకు నవ్వు రాలె. పిల్లకు అమ్మ అంటె ఫోన్ల ఉండేటి ఒక మనిషి, గంతే. గా మాటను నేనే ఉత్తకుండ జేసి అప్పజెప్తున్న అని గానాడే తట్టింది ఆమెకు. తట్టినా ఊకున్నది.

ఇగ ఎదురుచూసుడు షురువాయె. ఢిల్లీకెల్లి ఒక కాగితం రావాలె, కలెక్టర్ సాబ్ ఆర్డర్ రావాలె, పాస్‌పోర్ట్ రావాలె, వీసా రావాలె. ఎండకాలం అన్నరు, వానకాలం అన్నరు, దసరా దాటనియ్యి అన్నరు. వాయిదా పడ్డప్పుడల్లా యేసమ్మ “అయ్యో” అనేది పైకి. లోపల పండుగైతుండె. గా రాత్రి మార్త ఏడ్సుకుంట ఉంటది గదా అని యాదికచ్చి తలకాయ దించుకునేది. ఆడదే గదా గామె గుడ. లాజరైతె పిల్లతోటి మాట తక్వ జేసిండు. “అలవాటు చేసుకుంటున్న,” అన్నడు. ఏం అలవాటో, సిందు పండుకున్నంక కాళ్లకాడ కూసొని పాదం మీద చెయ్యేసుకొని ఉండెటోడు.

చెరుకు బండ్లు రోడ్డెక్కే దినాలకు కబురచ్చింది. మార్త, లూకా అచ్చిండ్రు, పిల్లను రేపే తీస్కరమ్మన్నరు.

నిజామాబాద్ ఆఫీసుల ఒక అర్రల చాప పరిచిండ్రు. మార్త చాప మీదనే కూసున్నది, లూకా పక్కన మోకాళ్ల మీద. మూడు దినాలు గీన్నే కలిసి ఉండాలె, పిల్ల దగ్గరైతె తోలుతరు. సిందు యేసమ్మ మెడ పట్టుకొని ఇడువలె. మార్త చేతులు సాపి, “అమ్మ... నేను అమ్మ,” అన్నది.

“నువ్వు అమ్మవు,” అన్నది సిందు. “నాకు అవ్వ గావాలె.”

మొదటి దినం గట్లనే. రెండో దినం గట్లనే. మార్త “అమ్మ” అన్నప్పుడల్లా పిల్ల, “నాకు అమ్మ వద్దు, అవ్వ గావాలె,” అని గుక్కపెట్టి ఏడిసింది. మూడో దినం ధనలక్ష్మి మేడం యేసమ్మను బైటికి పిలిచింది.

“ఏమిటో అర్థం కావడం లేదండీ. అమ్మమ్మ కోసం ఇంతగా ఏడ్చే పిల్లని నేను చూడలేదు. వాళ్లు భయపడిపోతున్నారు. సాయంత్రానికి దగ్గర కాకపోతే మానుకున్నా మానుకుంటారు.”

యేసమ్మ గుండెల ఒక్కసారి దీపం ఎలిగినట్టయింది. మానుకుంటరు! తనేం చెయ్యద్దు, నోరు మూసుకొని కూసుంటె చాలు. పొద్దుమీకి బోధన్ బస్సెక్కి, పిల్లను ఒళ్లె ఏసుకొని ఇంటికి పోవచ్చు. వరండల లాజరు గుడ ఆమె దిక్కే చూస్తున్నడు. ఆయన కండ్లల్ల గుడ గదే ఆశ.

కిటికీలకెల్లి లోపటికి చూసింది.

సిందు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లి చాప మీద పండుకున్నది. మార్త సంచిలకెల్లి చిన్న నూనె సీస తీసింది. పిల్ల ఎడమ పాదం ఒళ్లె పెట్టుకున్నది. మడిమ కాడ బొటనవేలు ఆనిచ్చి, వేళ్ల దాంక గుంజి, పెదవులు కదుపుకుంట లెక్కవెడ్తున్నది. పది అయినంక ఇడిసింది. మల్ల మొదలువెట్టింది. గిది ఎవలు నేర్పిండ్రు గామెకు? ఎవలు నేర్పలె. ఫోన్ల చూసుకుంట నేర్చుకున్నది. ఆదివారాలు యేసమ్మ పిల్లకు పాదం రుద్దుకుంట మాట్లాడుతుంటె, అవుతల గామె గిదే చూసింది.

యేసమ్మ వరండల గోడకు ఒరిగింది. ఏడుపు తన్నుకచ్చింది, ఆపుకోలె.

“మేడం, తప్పు నాదే,” అన్నది. “మా దిక్కు అవ్వ అంటె ముసలిది గాదు. అమ్మనే.”

మేడం చేతుల కాగితాలు కిందవెట్టింది. “ఇన్నాళ్లూ... అమ్మ అనే పిలిచిందా మిమ్మల్ని?”

“మీరు వద్దన్న మాట నేను పిలిపిచ్చుకోలె. గని గదే మేడం. గదే.” ముక్కు చీదుకున్నది. “ఇగ గా మాట గామెకిస్త. కాగితంల మీరేమన్న రాసుకోండ్రి.”

మేడం ఏం రాయలె. లోపటికి పోయి మార్తకు ఇంగ్లీషుల చెప్పింది. మార్త నూనె చేతులతోటే మొఖం కప్పుకున్నది.

సిందు లేసింది. యేసమ్మ పిల్లను ఒళ్లె కూసోవెట్టుకొని మొఖం తుడిసింది.

“సిందూ, గిటు సూడు. గీమె ఎవలు?”

“ఫోన్ల అమ్మ.”

“ఇగ ఫోన్ల యాడుంది? బైటికచ్చింది గద. ఫోన్ల ఉంటె అమ్మ అంటరు బిడ్డా. బైట ఉండి, అన్నం తినిపిచ్చి, పాదం రుద్దితె అవ్వ అంటరు. గీమె నీ అవ్వ.”

సిందు మార్త చేతుల నూనె చూసింది, తన పాదం చూసుకున్నది. కండ్లు మిటకరిచ్చి యేసమ్మ దిక్కు తిరిగింది.

“మరి నువ్వో?”

యేసమ్మ పిల్ల ఎంట్రుకలు సవరిచ్చింది. గని చెప్పాలె గద. ఆమె చెప్పకుంటె ఎవలు చెప్తరు?

“నేను అమ్మను. ఇగ నేను ఫోన్ల ఉంట.”

“లోపటికెట్ల పోతవ్?”

“బాపు తోలిస్తడు తియ్.”

“ఫోన్ల, గండ్ల అన్నముంటదా?”

“ఉంటది బిడ్డా. మస్తుంటది.”

“అవా,” అన్నది మార్త, భయంభయంగ. “అవా నేను.”

“అవా గాదు, అవ్వ!” అని సిందు పక్కున నవ్వింది. నవ్వుకుంట గామె మోకాలు మీద చెయ్యేసింది. గంతే. గా చెయ్యి మల్ల ఎనుకకు రాలె.

బోధన్ బస్సుల లాజరు కిటికీలకెల్లి చెరుకు బండ్లు చూసుకుంట కూసున్నడు. ఎడపల్లి కాడ దిగినంక, “మంచిగ జేసినవ్ యేసమ్మా,” అన్నడు. అని రోడ్డు మీదనే కూసొని చిన్న పోరని లెక్క ఏడ్సిండు. చెరుకు ట్రాక్టరోడు ఆపి, ఏమైందే తాతా అని అడిగిండు గుడ.

నాలుగు ఆదివారాలు గడిచినయి. గుడి కాడికెల్లి అచ్చి యేసమ్మ చెప్పులు గుడ ఇడువలె, ఫోన్ మోగింది. తెర మీద సిందు. నెత్తికి ఉన్ని టోపీ, మూతికి ఏందో అంటుకున్నది.

“అమ్మా!” అన్నది.

వద్దన్న మాట. మూడేండ్లు అట్టేపెట్టిన మాట.

“ఓ బిడ్డా,” అన్నది యేసమ్మ. “తిన్నవా?”

“తిన్న. నువ్వు గండ్ల తిన్నవా?”

“తిన్న.”

సిందు తల వెనుకకు తిప్పి, ఇల్లు అదిరేటట్టు కేకేసింది. “అవ్వా! జల్ది రా! అమ్మ అచ్చింది!”

గా కేకకు యేసమ్మ నోట్లెకెల్లి ‘ఓ’ అని రానే అచ్చింది, పెదవుల దాంక. గంతల్నే గాడ, లోపలి అర్రలకెల్లి, మార్త “ఓ” అన్నది.