లంతానా ఊదిన గంజి

ఆసబె నా మీదికి సవతిగా వచ్చిన ఏడాది నేను మూడో నవల రాస్తున్నాను. అప్పటికే మా కానో పట్నం పాతబస్తీలో నాలాంటి ఇల్లాళ్ళు పదిమంది దాకా రాసేవాళ్ళు. గడప దాటే పని మాకు లేదు. పిల్లలు ఖురాన్ బడికి వెళ్ళాక, తువో ముద్దకు ఎసరు పెట్టేలోగా, నోటు పుస్తకాల్లో రాసుకునేవాళ్ళం. నా రాత మా తమ్ముడు అచ్చాఫీసుకు చేర్చేవాడు. సంతలో సబ్బులూ గోరింటాకూ అమ్మేచోటే మా పుస్తకాలూ అమ్ముడుపోయేవి.

సవతి అన్నాక పోరు తప్పదని నేను నడుం కట్టుకునే ఉన్నాను. వచ్చిందేమో వుదిల్ ఊరి నుంచి పందొమ్మిదేళ్ళ పిల్ల. చదువు రాదు. వారం తిరక్కుండానే చేటలో వేరుశెనక్కాయలు పోసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"అంతసేపు ఎవరికక్కా ఉత్తరం?"

"ఉత్తరం కాదు, కథ."

"అయితే చదువు. చేతులకే కదా పని, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

చదివాను. మూడు పేజీలు అయ్యేసరికి లేచి వెళ్ళి పొయ్యి మీద పులుసు చూసి వచ్చింది. ఇంకో రెండు పేజీలకు మళ్ళీ లేచింది.

"అడుగంటుతోందా?" అని అడిగాను.

"లేదక్కా. నువ్వు ఆ పెళ్ళిబట్టల రంగులు ఒక్కోటే చెబుతుంటే నాకు పులుసు గుర్తొచ్చింది."

కోపం వచ్చింది. కానీ మధ్యాహ్నం ఆ రెండు పేజీలూ కొట్టేశాను. అప్పటినుంచి అది లేచిన చోటల్లా నా కలం ఆగేది. ఒకసారి నా కథలో ఒక విధవ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే ఆసబె మూతి తిప్పింది. "ఏడ్చిందని చెబితే నాకేం ఏడుపొస్తుందక్కా? మా నాన్న పోయిన రోజు మా అమ్మ లేచి వెళ్ళి మేకకు నీళ్ళు పెట్టింది. అది చూసే మేమందరం ఏడ్చాం."

ఆ నవలలో దుర్మార్గురాలి పేరు లంతానా. రెండో భార్య. పెద్దభార్య బిడ్డకు గంజిలో విషం కలిపి పెడుతుంది. ఆ ఘట్టం ఎన్నిసార్లు రాసినా చప్పగానే ఉండేది. ఆసబె విని చేట ఆపింది.

"చేతులు వణికాయని రాశావు. వణక్కూడదక్కా. గంజి వేడిగా ఉంది కదా, పిల్లాడి నాలుక కాలుతుందని ఊదాలి. ఊది ఊది పెట్టాలి."

నేను కలం కింద పెట్టేశాను. అది మాత్రం పకపకా నవ్వి పొట్టు చెరుక్కుంది. అది చెప్పింది చెప్పినట్టే రాశాను.

పుస్తకం సంతలో ఒక్క రోజు కూడా నిలవలేదు. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు ఉత్తరాలు రాశారు. అందరూ ఆ ఊదడం గురించే రాశారు. మా వీధిలోనూ ఆ పుస్తకం చేతులు మారింది. పొరుగింటి దెలు మా వాకిట్లోకి వస్తూనే, "ఏమే లంతానా, ఇవాళ ఎవరికి వండుతున్నావు?" అనేది. "నీకేనే, వచ్చి కూర్చో," అనేది ఆసబె. అందరం నవ్వేవాళ్ళం. పోనుపోను ఆసబె నవ్వడం మానేసింది. మిగతావాళ్ళు మానలేదు. నేనూ మాన్పించలేదు.

"నీ పుస్తకాల్లో రెండో పెళ్ళాం ఒక్కతీ మంచిది ఉండదేంటక్కా?" అని ఒకరోజు అడిగింది.

"మంచిదైతే ఇంక కథేముంటుందే?"

"అదీ నిజమేలే," అని ఊరుకుంది.

మరుసటి ఏడు వానలకు ముందు, ఎండలు మండిపోతున్న రోజుల్లో, నా చిన్నకొడుకు నూరాకు జ్వరం తగిలింది. వాడికి నాలుగేళ్ళు. పొద్దున్నే నేను సజ్జగంజి కాచాను. వాడు నా చేత తినడు, ఆసబె ఒళ్ళోనే తింటాడు. అది చెంచా చెంచా ఊది పెడుతుండగా దెలు నిప్పు కోసం వచ్చింది. మధ్యాహ్నానికి పిల్లాడి మెడ బిగుసుకుపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు వేళకు వాడు లేడు. మెదడు పొరల జ్వరం అన్నాడు డాక్టరు. ఆ వారం మా వీధిలో ఇంకో ముగ్గురు పిల్లలు అలాగే పోయారు. వాళ్ళకు ఆసబె గంజి పెట్టలేదు.

పలకరింపుకు వచ్చిన ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. దెలు గొంతు తగ్గించి అంది: "ఆ పొద్దున నా కళ్ళతో చూశాను. ఊది ఊది పెడుతోంది."

ఆ పుస్తకం తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

మా అత్త నా వైపు తిరిగింది. "బిల్కిసూ, ఆ గంజి కాచింది ఎవరు?"

'నేను' అని ఒక్క మాట అనాలి. గింజలు నానబోసింది నేను, రుబ్బింది నేను, కాచింది నేను. ఆసబె గుమ్మం దగ్గర నిలబడి నా నోటి వంక చూస్తోంది. నేను తల దించుకున్నాను. బిడ్డ పోయిన తల్లికి ఎవరి మీదో ఒకరి మీద పడి ఏడవాలని ఉంటుంది. అంతే కాదు, ఆ క్షణాన నాకూ ఆసబె చేతిలో లంతానా గిన్నె కనబడింది. నేనే పుట్టించి, నేనే పేరు పెట్టిన మనిషిని నేనే నమ్మాను.

మా ఆయన తుకుర్ చెడ్డవాడు కాదు, తల్లి మాట దాటలేనివాడు. నాలుగో రోజు ఆసబెకు తలాక్ చెప్పాడు. అది మూట కట్టుకుని నా గది ముందు ఆగింది. తిడుతుందనుకున్నాను.

"నూరా చెప్పులు నా గదిలో ఉన్నాయక్కా. తలుపు వెనకాల," అని చెప్పి వెళ్ళిపోయింది.

వానలు వెలిశాక నా బుర్ర కొంచెం కుదుటపడింది. అప్పుడు గంజి సంగతి నోటితో చెప్పే ధైర్యం లేక పుస్తకం మొదలుపెట్టాను. అందులో రెండో భార్య బంగారం. అందరూ ఆమెను అనుమానిస్తారు, పెద్దభార్య నిండు సభలో నిజం చెప్పి కాపాడుతుంది. పూర్తయ్యాక ఆయన అనుమతి తీసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వుదిల్ వెళ్ళాను.

ఆసబె వాళ్ళన్న వాకిట్లో ఉంది. చిక్కిపోయింది. కూర్చోమంది, నీళ్ళిచ్చింది. చదవమంది. చదువుతుంటే మూడుసార్లు లేచి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"బాగాలేదా?"

"ఈమెవరక్కా? కోపం రాదు, ఆకలెయ్యదు. నేను నీ ఉత్తరాల కట్ట చూసి కుళ్ళుకునేదాన్ని. నీ వంతు మాంసం ముక్క రెండుసార్లు తినేసి పిల్లి మీదకు నెట్టాను. అవి రాయి. అప్పుడైనా నేను మనిషినని నమ్ముతారు."

"రాస్తాను."

"ఇంకోటి. అత్త అడగ్గానే పెద్దది నోరు విప్పిందని రాశావు." అది నా వంక చూడలేదు. "విప్పి ఉంటే నువ్వీ పుస్తకం రాసే పనేముంది?"

"నన్ను క్షమించవే," అన్నాను.

"అల్లా క్షమిస్తాడులే. నాకు ఇంకా టైం పడుతుంది." లేచి కొంగు దులుపుకుంది. "ఎలా జరిగిందో అలా రాయి. కానీ చదివి వినిపించడానికి మాత్రం మళ్ళీ రాకు."

ఆ ఒక్క ఘట్టం రాయడానికి ఏడాది పట్టింది. రాసిన ప్రతిసారీ పెద్దభార్యకు ఏదో ఒక సాకు దొరికేది. ఒకసారి స్పృహ తప్పేది, ఒకసారి ప్రశ్న వినబడేది కాదు. అవన్నీ కొట్టేసి, చివరికి ఆమె విన్నది, తల దించుకుంది అని మాత్రమే ఉంచాను.

ఆ పుస్తకం లంతానా కథ కన్నా ఎక్కువ చేతుల్లోకి వెళ్ళింది. అలాంటి పెద్దభార్య లోకంలో ఎక్కడా ఉండదనీ, అంత పాపిష్టి ఊహ నాకెలా వచ్చిందనీ ఉత్తరాలు వచ్చాయి. మా అత్త మనవరాలి చేత చదివించుకుని కళ్ళు తుడుచుకుంది. "ఆ పెద్దదాని నోరు పడిపోను," అంది.

"అది నేనే అత్తా. ఆ గంజి కాచింది నేను," అన్నాను.

ఆవిడ నా తల నిమిరింది. "బిడ్డ పోయినప్పటినుంచీ నీ మనసు మనసులో లేదమ్మా. ఇంక ఆ రాతలు మానెయ్." పక్కనే ఉన్న దెలు, "అదెలా అవుతుందత్తా? ఈమె అందులోని పెద్దదానిలా ఉందా?" అని నవ్వింది.

తుకుర్ ఆ పుస్తకం ఎప్పుడు చదివాడో తెలియదు. రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు ఆసబెను తిరిగి రమ్మని వుదిల్‌కు మనిషిని పంపాడు. దానికి అప్పటికే ఎక్కడో ఉత్తరాన, నుగురు ఊరికి అవతల, మనువైందట. ఊరి పేరు చెప్పడానికి వాళ్ళన్న ఒప్పుకోలేదట. తిరిగి వచ్చిన మనిషి ఆ మాట చెబుతుంటే ఆయన నేల చూస్తూ విన్నాడు. నన్ను ఏమీ అడగలేదు. నమాజుకు పిలుపు వినబడింది. లేచి చెప్పులు వేసుకుని వెళ్ళాడు.