చక్రం లేని వాల్వు

మా తమ్ముడు పోయినరోజు నాకు ముందు ఏడుపు రాలేదు. కేసు గుర్తొచ్చింది. వాడి తల నా చేతి మీదే ఉంది. ఇక బావను మళ్ళీ బోనెక్కించవచ్చు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ముగ్గురం ఒకే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. బావ అంటే మా అక్క మొగుడు. ఆయన మిషను దగ్గర, నేనూ తమ్ముడూ పైపుల పనిలో. మమ్మల్ని పనిలో పెట్టించింది ఆయనే. మరచిపోతామేమోనని ఆ మాట రోజూ గుర్తుచేసేవాడు.

అక్కడి పని గురించి కాస్త చెప్పాలి. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు ఉంటాయి. అందులో వరసగా మంచినీళ్ళు పోసిన ఇనప డబ్బాలు. తొట్టి అడుగున పైపులు, ఆ పైపుల్లో అమ్మోనియా గ్యాసు. గ్యాసు తిరిగితే ఉప్పునీళ్ళు చల్లబడి, డబ్బాల్లో నీళ్ళు గడ్డకడతాయి. అదే గ్యాసు మొహాన కొడితే కళ్ళు మాడిపోతాయి, ఊపిరితిత్తులు ఉడికిపోతాయి.

పైపు బిగింపు ఊడితే తొట్టి వెనక సందులోకి పాకి వెళ్ళి సరిచెయ్యాలి. సందులో ఉన్నవాడు మిషను దగ్గరివాళ్ళకి కనబడడు. కేక పెట్టినా ఆ మోతలో వినబడదు. అందుకని మాకో పద్ధతి ఉంది. లోపలికి వెళ్ళేవాడు గ్యాసు వాల్వు మూసి, దాన్ని తిప్పే చక్రం ఊడదీసి, నడుముకి కట్టుకుని వెళ్తాడు. తిరిగొచ్చాక తనే బిగిస్తాడు. వాల్వుకి చక్రం లేదంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. కొత్తవాడు పనిలో చేరితే జీతం సంగతి కంటే ముందు ఇది చెప్పేవాళ్ళం.

ఆరోజు తమ్ముడు చక్రం కట్టుకునే వెళ్ళాడు. అయినా గ్యాసు వచ్చింది.

నేను పక్క షెడ్డులో ఉన్నాను. ఘాటుకి పరుగెత్తుకొచ్చి, తడిగుడ్డ మొహానికి చుట్టుకుని, వాణ్ణి కాళ్ళు పట్టి బయటికి ఈడ్చాను. చక్రం వాడి నడుముకే ఉంది. కట్టిన తాడు నేనే విప్పాను. మిషను దగ్గర బావ ఒక్కడే ఉన్నాడు. అప్పటికి వాల్వు మూసి ఉంది.

"నాకేం తెలుసురా? పైపే పగిలిందేమో" అన్నాడు.

పైపు పగల్లేదు.

తమ్ముడు ప్రాణంతో బయటపడ్డాడు. నిర్లక్ష్యంగా గాయపరిచాడని బావ మీద కేసు పెట్టారు. నేను సాక్షిని. బావ తరఫు లాయరు సన్నగా, చురుగ్గా ఉన్నాడు.

"చక్రం ఎక్కడుంది?"

"మా తమ్ముడి నడుముకి."

"ఎవరు విప్పారు?"

"నేనే."

"అది లేకుండా ఆ వాల్వు తిరుగుతుందా?"

"చేతికి లొంగదు."

"ఈయన దగ్గర ఇంకో చక్రం ఉందా?"

"లేదు."

"మరి దేంతో తిప్పాడయ్యా? పళ్ళతోనా?"

కోర్టులో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నాకు జవాబు తోచలేదు. చక్రం లేని వాల్వు మీద ఇంకో పనిముట్టు పెట్టాలన్న ఆలోచన మా బుర్రల్లోకి రాదు. అది వచ్చే బుర్ర మా షెడ్డులో ఒక్కటే ఉంది. ఆ బుర్ర బోనులో నిలబడి నవ్వుతోంది.

తమ్ముడు కూడా కోర్టులో ఉన్నదే చెప్పాడు. సందులో ఉన్నవాడికి వాల్వు ఎవరు తిప్పారో కనబడదు. బావ వాల్వు తిప్పలేదని తేల్చి కేసు కొట్టేశారు. ఓనరు బావను మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు. ఆ మిషను వినేది ఆయన చేతి మాటే.

వచ్చిన మొదటిరోజే నా పక్కన ఆగాడు. "ఏరా బావమరిదీ, పళ్ళు కొరుకుతున్నావా? జాగ్రత్త. వాల్వులు తిరిగిపోగలవు."

డబ్బాలు ఎత్తేవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను చేతిలో పని ఆపలేదు. పని మానేద్దువు గదా అన్నారు కొందరు. మానేస్తే ఆయన్ని రోజూ చూసేది ఎవరు?

తమ్ముడు నా ఇంట్లోనే ఉండేవాడు. పడుకుంటే ఊపిరి అందదు. గోడకి దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుతురు తెలుస్తుంది, అంతే.

కొంతకాలానికి ఆ వాల్వు మెడ దగ్గర కారడం మొదలైంది. విప్పి చూశాను. చక్రం కూర్చునే ఇనప కాడ మీద గ్రీజు మందంగా పేరుకుంది. తుడిచాను. గ్రీజు కింద గాట్లు ఉన్నాయి, అడ్డంగా, లోతుగా, రెండు పక్కలా. పైపు రెంచి పట్టిన గుర్తులు. లాయరు పళ్ళతోనా అని అడిగాడు. రెంచికీ పళ్ళుంటాయి.

ఆ కాడ తీసి గుడ్డలో చుట్టి, వాల్వుకి కొత్తది బిగించి, సరాసరి మా ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. బల్ల మీద గ్రీజు అంటుతుందని కింద కాగితం పరిచాడు.

"ఇది ముందు దొరకాల్సింది" అన్నాడు.

"ఇప్పుడు దొరికింది."

"కొట్టేసిన కేసు కొట్టేసినట్టే. ఒక నేరానికి మనిషిని ఒక్కసారే విచారిస్తారు. పైకోర్టుకి వెళ్ళే గడువు కూడా దాటిపోయింది."

"అంటే ఒకసారి తప్పించుకుంటే ఇక వాడికి అడ్డు లేదా?"

"కోపం తగ్గించుకుని విను. నిన్నే ఎవడో దొంగ అన్నాడనుకో. కోర్టు కాదని చెప్పింది. వాడు ఊరుకోకుండా ఏటా ఒక కొత్త సాక్షిని తెచ్చి నిన్ను బోనెక్కిస్తుంటే ఎన్నేళ్ళు నిలబడతావు?"

"నేను దొంగను కాదు."

"మీ బావ కూడా అదే అంటున్నాడుగా."

ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉందేమో. నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కాడ గుడ్డలో చుట్టుకుని లేచాను. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలిచాడు. నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఒక్క దారి ఉందేమో. ఆ కేసు గాయానికి పెట్టింది. రేపు మీ తమ్ముడికి జరగరానిది జరిగితే, అది అప్పటికి లేని సంగతి. వేరే నేరం అని అడిగి చూడొచ్చు."

ఆ మాట ఆయన నాతో అనకుండా ఉండాల్సింది.

ఇంటికి వెళ్ళాను. తమ్ముడు గోడకి ఆనుకుని ఉన్నాడు. "ప్లీడరు ఏమన్నాడన్నా?" అని అడిగాడు.

"ఏమీ లేదన్నాడు."

"వదిలెయ్యరాదూ. అక్క మొహం చూడు."

"నువ్వు మాట్లాడకు. ఊపిరి పట్టుకో."

ఆరోజు నుంచి వాడు దగ్గినప్పుడల్లా నా లోపల ఇద్దరు లేచేవాళ్ళు. ఒకడు నీళ్ళ గ్లాసు అందించేవాడు. ఇంకొకడు చెవి ఒగ్గి వినేవాడు. ఆ రెండోవాడు కూడా బావ చేసినవాడే. ఆ బాకీ కూడా ఆయనదే.

వానలు మొదలయ్యాక వాడు పోయాడు. అక్క ఏడుస్తూ వచ్చింది. గుమ్మంలోనే ఆపేశాను.

"వాడు నాకూ తమ్ముడేరా!"

"మీ ఆయన్ని వదిలేసి రా, లోపలికి రానిస్తాను."

వాననీళ్ళలో కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

చావుకి కారణమయ్యాడని మళ్ళీ కేసు వేయించాను. ఈసారి గుడ్డలో కాడ ఉంది, నా దగ్గర జవాబు ఉంది. పళ్ళతోనా అని మళ్ళీ అడిగితే బాగుండునని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అసలు ఈ కేసు నడవాలా వద్దా అన్న దగ్గరే లాయర్లు ఇద్దరూ కొట్టుకున్నారు. మావాడు చావు వేరు, గాయం వేరు అన్నాడు. వాళ్ళవాడు చెయ్యి ఒకటే, వాల్వు ఒకటే, రోజు ఒకటే అన్నాడు.

జడ్జిగారు పెద్దావిడ. కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

"మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఆయన వాల్వు తిప్పలేదని ఆ కోర్టు తేల్చేసింది. వాల్వే తిప్పనివాడు గాయం చేశాడనీ అనలేం, చావుకి కారణమయ్యాడనీ అనలేం. తేలిపోయినదాన్ని మళ్ళీ తవ్వడానికి నాకు వీల్లేదు."

"తేల్చింది తప్పండి" అన్నాను.

"కావచ్చు" అంది.

ఆ 'కావచ్చు' విని నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డ విప్పనే లేదు.

మెట్ల మీద అక్క ఎదురైంది. "చాలు ఇక. రెండుసార్లూ ఆయనే గెలిచాడు. ఇంటికి రా. తినేసి, ఎదురుగా కూర్చుని, నాలుగు మాటలు అనుకుని ఈ గొడవ తెంపేసుకుందాం. నేను మీ ఇద్దరి మధ్యా నలిగి చస్తున్నాను."

వెళ్ళాను. బావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా.

"రావయ్యా సాక్షిగారూ" అన్నాడు. "నీ ముద్దాయికి కాస్త పప్పు వడ్డించు."

నేను కూర్చోలేదు. గుడ్డ విప్పి కాడ ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన గాట్లు చూశాడు. వేలితో తడిమాడు కూడా. తర్వాత అన్నం కలుపుకున్నాడు.

"రెంచితోనే తిప్పా" అన్నాడు. "వినాలని ఉందిగా, విను. ఓనరు ఫోనులో అమ్మనాబూతులు తిడుతున్నాడు. డబ్బాలు సగం గడ్డకట్టి ఉన్నాయి, అవతల లారీ నిలబడి ఉంది. చక్రం లేదు. ఎవడో ఊడబీకి మరచిపోయాడనుకున్నా."

"నాలుగడుగులు వేసి సందులోకి తొంగి చూడొచ్చుగా."

"చూడలేదు. అయితే ఏంటి? పో, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. ఊరంతా మైకులో చెప్పు. కోర్టు నా జోలికి రాదు. రెండుసార్లు డబ్బు పోసి నువ్వే నాకు ఆ కాగితం రాయించి ఇచ్చావు."

అక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే" అంది ఆయనతో.

"నువ్వెప్పుడు అడిగావు?"

"రోజూ అడిగాను. నీ పక్కన కూర్చుని రోజూ అడిగాను. మా తమ్ముడి మీద ఒట్టేసి తిప్పలేదన్నావు."

"ఇప్పుడేగా చెప్పాను. వడ్డించు."

అక్క వంగి ఆయన ముందున్న కంచం తీసేసింది. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, వేళ్ళకి మెతుకులతో. నేను కాడ తీసుకుని వచ్చేశాను.

దారిలో ప్లీడరు ఇంటి దగ్గర ఆగాను. ఒక్క ప్రశ్న అడిగాను. ఆయన విసుక్కుంటూనే జవాబు చెప్పాడు.

మర్నాడు నాలుగో పైపు బిగింపు చూడాలన్నాను. అది కారుతోందని ఎవరూ చెప్పలేదు, నేనే అన్నాను. డబ్బాలు ఎత్తేవాళ్ళందరినీ మిషను దగ్గరికి పిలిచాను. పిలవడం నాకు అలవాటు లేదు కాబట్టి అందరూ వచ్చారు. వాల్వు మూశాను. చక్రం ఊడదీశాను. నడుముకి కట్టుకోలేదు. బావ చేతిలో పెట్టాను. గోడకి వేలాడే పైపు రెంచి తీసి రెండో చేతిలో పెట్టాను.

"ఇదేంట్రా?"

"లోపలికి వెళ్తున్నా. రెండూ నీ దగ్గరుంచు."

"పిచ్చెక్కిందా? చక్రం నువ్వు కట్టుకోవాలి."

"కట్టుకుని వెళ్ళినవాడికి ఏం ఒరిగింది?"

ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు.

"ఒక్క మాట బావా. పాతది అయిపోయింది, దాని జోలికి ఎవరూ రారు. ఇవాళ తిప్పావనుకో, అది కొత్త నేరం. మొదటినుంచి కేసు పెట్టొచ్చట. ప్లీడరుని అడిగే వచ్చాను. చక్రం నీ చేతిలో ఉండగా చూసినవాళ్ళు వీళ్ళు."

అంత పెద్ద మాట నేను ఆ ఫ్యాక్టరీలో ఎప్పుడూ మాట్లాడలేదు. వంగి సందులోకి పాకాను.

భయం వెయ్యలేదంటే అబద్ధం. తమ్ముడు వెల్లకిలా పడి ఉన్న చోటే వెల్లకిలా పడుకున్నాను. మొహం మీద పైపు, పైపు మీద మంచు. బాగున్న బిగింపు విప్పాను. గొట్టంలో మిగిలిన గ్యాసు కొంచెం వచ్చింది, కళ్ళు మండాయి. మళ్ళీ బిగించాను. మళ్ళీ విప్పాను. తొందరేమీ లేదు. బయట ఆయన ఒక్కో నిమిషం ఎలా నిలబడి ఉన్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

చేతులు మొద్దుబారాక బయటికి వచ్చాను.

ఎవరూ కదల్లేదు. రెంచి నేల మీద దూరంగా పడి ఉంది. డబ్బాలు ఎత్తే ఒకడు దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు. బావ గోడకి ఆనుకుని, చక్రాన్ని రెండు చేతులతో రొమ్ముకి అదుముకుని ఉన్నాడు. జేబులో ఫోను మోగుతోంది. ఓనరే అయి ఉంటాడు. తియ్యడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు. అంత చలి గదిలో ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"అయిందా?" అన్నాడు.

చక్రం తీసుకుందామని పట్టుకుంటే వెంటనే రాలేదు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. వాల్వుకి బిగించాను. చేతులు తుడుచుకున్నాను.

"ఇవాళ్టికి అయింది. రేపు ఐదోది చూడాలి" అన్నాను.