బిరడా రుమాలు

మా బావమరిదికి మూత లేనిదేదైనా కంటపడితే ప్రాణం విలవిల్లాడిపోతుంది. నీళ్ల సీసా గానీ, నూనె డబ్బా గానీ, మూత కనిపించకపోతే జేబులోంచి రుమాలు తీసి కుక్కేస్తాడు. ఒకసారి నేను గట్టిగా ఆవలించాను. కళ్లు తెరిచేసరికి ఆ రుమాలు నా మూతి దాకా వచ్చి ఉంది. అబద్ధమైతే నా మీసం మీద ఒట్టు. మీసం ఎప్పుడో తీసేశాననుకోండి. అప్పటినుంచి ఇంటిల్లిపాదీ వాణ్ణి బిరడా అనే పిలుస్తాం.

బిరడాకి ఓ ముసలి కారుంది. ప్రతి ఆదివారం అందులో వచ్చి, వాళ్లక్కని, అంటే మా ఆవిడని, వెనకసీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాడు. ఉచిత సలహాలకు ముందుసీట్లో నేనుంటాను. ఈమధ్య ఆ కారు రేడియేటరు కారడం మొదలెట్టింది. రెండుసార్లు నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కి ఆగిపోయింది. రెండోసారి బిరడా కూతురు ఆఫీసు పని మానుకుని వచ్చి, తాడు కట్టించి ఇంటికి లాగించింది. దించాక ఒకటే మాట చెప్పింది.

"ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తాను నాన్నా. కారు కింద ఒక్క చుక్క కనపడినా అమ్మేద్దాం. ఇక నీ మాట వినను."

కూతురి ముందు నవ్వేశాడు గానీ, నా దగ్గరికొచ్చాక అసలు మాట చెప్పాడు. "కారు పోతే నేనిక వీధి చివరికి కూడా కదలను బావా. కుర్చీకి అతుక్కుపోతాను."

రేడియేటరుకి అతుకు నిలవదు, కొత్తది వేసుకోమని మెకానిక్ తేల్చేశాడు. వేసేది మాత్రం తానేనని బిరడా పట్టు. ఆదివారం పొద్దున్నే కారుని మెల్లగా మా షెడ్డులోకి తెచ్చి, ఇంజను చల్లారాక, కొత్త రేడియేటరుని పసిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని దిగాడు.

అడుగునున్న మర తిప్పి, లోపలి పచ్చరంగు నీళ్లని తొట్టిలోకి దించాడు. తొట్టి మీద వెంటనే అట్ట కప్పాడు, అది వేరే చెప్పాలా. క్లిప్పులు వదులు చేసి పై గొట్టం, కింది గొట్టం లాగాడు. ఫ్యాను వైరు ఊడదీసి పాతదాన్ని పైకి లేపితే, అడుగున వెంట్రుకంత పగులు.

"ఇంత దానికి కొత్తదా?" అన్నాను. "మా రోజుల్లో లారీ రేడియేటరు కారితే, నీళ్లు దొరక్క పాలు పోసి నడిపాను. గతుకుల రోడ్డుకి చిలికి చిలికి, దిగేసరికి వెన్న తేలింది. ఆ వెన్నే ఇరుసులకి రాసుకుని తిరిగొచ్చాం."

"ఆ లారీకి లేగదూడ కూడా పుట్టిందేమో అడగరా తమ్ముడూ," అంది మా ఆవిడ, వంటింటి కిటికీలోంచి.

బిరడా పకపకా నవ్వుతూనే కొత్తదాన్ని దించాడు, గొట్టాలు ఎక్కించాడు, క్లిప్పులు బిగించాడు, ఫ్యాను వైరు తగిలించాడు. కొత్త కూలెంట్ పోసి ఇంజను స్టార్ట్ చేశాడు. నేను బోర్లా పడుకుని కింద చూశాను. నేల పొడిగా ఉంది.

"ఇక వేడెక్కాక ఫ్యాను తిరిగితే గట్టెక్కినట్టే," అన్నాడు బిరడా.

ఫ్యాను తిరగలేదు. వేడి ముల్లు సగం దాటింది, ఇంకా పైకి పాకుతోంది. పై గొట్టం చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. కింది గొట్టం చల్లగా ఉంది. బిరడా గబుక్కున ఇంజను కట్టేసి, పీట మీద కూలబడ్డాడు.

"కొత్తదే చచ్చుదొచ్చింది బావా. సాయంత్రానికి పిల్ల వచ్చేస్తుంది. అమ్మేస్తుంది."

మా ఆవిడ మంచినీళ్లు పట్టుకొచ్చి తమ్ముడి వంక చూసింది. వాడు చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఒరేయ్, నీ రుమాలేదిరా?"

బిరడా జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. తర్వాత నావైపు చూశాడు. ఇద్దరం కలిసి కింది గొట్టంవైపు చూశాం.

"దుమ్ము పడుతుందని... ఒక్క నిమిషం కోసమే పెట్టాను," అన్నాడు నీరసంగా.

ఇంజను చల్లారేదాకా కాచుకోవడం ఉందే, పెళ్లిచూపుల్లో కూడా అంత ఒళ్లు బిగబట్టుకుని కూర్చోలేదు. చల్లారాక గొట్టం లాగి రెండు వేళ్లు దూర్చితే, నీళ్లతో పాటు రుమాలు జారి వచ్చింది, పచ్చగా, ముద్దయిపోయి. మా ఆవిడ దాన్ని కడిగి తీగ మీద ఆరేసింది. మళ్లీ బిగించాం, మళ్లీ పోశాం, మళ్లీ స్టార్ట్ చేశాం. ముల్లు సగానికి వచ్చి ఆగింది. కింది గొట్టం మెల్లగా వేడెక్కింది. ఉన్నట్టుండి ఫ్యాను గుర్రుమని తిరిగింది. బిరడా గోడకి చేరగిలబడి, ఒంట్లో ఎముకల్లేనట్టు జారి నేలమీద కూర్చుని నవ్వడం మొదలెట్టాడు.

అప్పుడే కూతురు వచ్చింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి, ఫోను లైటు వేసి కారు కిందంతా చూసింది. చుక్క లేదు. లేచి, తీగ మీద రుమాలు చూసింది. "ఇదేంటి, నాన్న రుమాలు పచ్చగా అయింది?"

అక్కా తమ్ముళ్లిద్దరూ నావైపే చూశారు. నాకేమో, చిత్రం, ఒక్క అబద్ధమూ తట్టలేదు.

"కారు మింగేసిందమ్మా," అన్నాను. "వేళ్లు పెట్టి బయటికి లాగాం."

ఆ పిల్ల నడుం మీద చెయ్యేసుకుంది. "చాల్లే మామయ్యా. పాలు పోస్తే వెన్న తేలిందని ఎప్పుడూ చెప్తావే, దానికంటే ఇది మరీ అన్యాయం." తర్వాత తండ్రి ముందు చెయ్యి చాచింది. "తాళం ఇవ్వు నాన్నా. ఇవాళ నేను నడుపుతాను. వచ్చే వారం నుంచి మళ్లీ నువ్వే."

ముందుసీటు బిరడాకి పోయింది. నేను మా ఆవిడ పక్కన వెనక్కి చేరాను. చల్లగాలి తగిలేసరికి ఆవలింత వచ్చింది. రుమాలు ఇంట్లో తీగ మీదే ఉంది గనక, భయం లేకుండా నోరంతా తెరిచి ఆవలించాను.